అవే మైదానాలు, మరో జెండా

మెర్లీన్ ఓటీకి తొమ్మిదో ఒలింపిక్ పతకం పందెం ముగిసిన తొమ్మిదేళ్లకు వచ్చింది. 2000లో సిడ్నీ వంద మీటర్ల ఫైనల్లో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. తన ముందున్న సొంత జట్టు అమ్మాయి తయ్నా లారెన్స్‌కూ తనకూ తేడా సెకనులో నూరోవంతు. ఆ రోజు బంగారు పతకం అందుకున్న అమెరికా రన్నర్ మరియన్ జోన్స్, నిషేధిత మందులు వాడానని 2007లో ఒప్పుకుంది. 2009 డిసెంబరులో ఒలింపిక్ కమిటీ లెక్క సరిచేసి కాంస్యాన్ని ఓటీకి ఇచ్చింది. పతకం జమైకా ఖాతాలో పడింది. కానీ అప్పటికి ఏడేళ్లుగా ఆమె స్లొవేనియా పౌరురాలు. ఆ దేశం జెర్సీ వేసుకుని ఇంకా పరుగెత్తుతూనే ఉంది. వయసు 49.

ఒలింపిక్స్‌లో మూడు రజతాలు, ఆరు కాంస్యాలు. బంగారం ఒక్కటీ లేదు. ఓటీ గురించి రాసినవాళ్లలో చాలామంది ఆ లోటు దగ్గరే ఆగిపోయారు. ‘కాంస్య రాణి’ అని పేరూ పెట్టారు. నిజానికి ఆమె కథలో అంతకంటే పెద్ద మలుపు పతకాల పట్టికలో కనిపించదు. పుట్టిన దేశంలో ‘ఇక తప్పుకో’ అన్న మాట వినాల్సి వచ్చిన మనిషికి, పరుగుతో పెద్దగా పరిచయం లేని ఓ కొండల దేశం చోటిచ్చింది.

జమైకా పడమటి కొసన హానోవర్ అనే జిల్లా ఉంది. అక్కడి కోల్డ్ స్ప్రింగ్ అనే ఊళ్లో 1960 మే 10న ఓటీ పుట్టింది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జమైకా రన్నర్ డాన్ క్వారీ రెండు వందల మీటర్ల బంగారం గెలిచాడు. పదహారేళ్ల ఓటీ ఆ పరుగుల వ్యాఖ్యానం రేడియోలో వింది. రేడియోలో విన్న పరుగే ఆమెను ట్రాక్ వైపు లాగింది. అక్కడి నుంచి అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం, ఆపై 1980 మాస్కో. అక్కడ రెండు వందల మీటర్లలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి జమైకా మహిళ అయింది. మన పి.టి. ఉషకు కూడా తొలి ఒలింపిక్స్ మాస్కోనే. ఉష పూర్తిగా పరుగు మానేసిన 2000 నాటికి కూడా ఓటీ ఫైనల్స్‌లో ఉందంటే, ఆమె ఎంతకాలం నిలబడిందో మనకు తేలిగ్గా తెలుస్తుంది.

వేగానికి మాత్రం ఏనాడూ కొదవ లేదు. వంద మీటర్లు 10.74 సెకన్లలో, రెండు వందలు 21.64లో పరుగెత్తింది. ఇండోర్‌లో అరవై మీటర్లను ఏడు సెకన్లలోపు, రెండు వందలను ఇరవై రెండు సెకన్లలోపు ముగించిన తొలి మహిళ ఆమే. 1993లో లియెవాఁలో నమోదు చేసిన 21.87 ఇండోర్ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు.

అదే ఏడాది స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీలు. వంద మీటర్ల గీతను ఓటీ, అమెరికా రన్నర్ గేల్ డివర్స్ ఒక్కసారే దాటారు. ఇద్దరికీ 10.82. పరుగులో తల, చేయి ముందు దాటితే లెక్కలోకి రాదు, మొండెం దాటాలి. ఫోటోను వెయ్యోవంతుల్లో కొలిచి డివర్స్‌కు బంగారం ఇచ్చారు. పతకాలు ఇచ్చేటప్పుడు ఆ జర్మన్ ప్రేక్షకులు లేచి నిలబడి ఓటీకి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కొద్ది రోజులకే అక్కడే రెండు వందల మీటర్ల స్వర్ణం గెలిచింది. మూడేళ్లకు అట్లాంటా ఒలింపిక్స్‌లో మళ్లీ అదే కథ: డివర్స్‌కు 10.94, ఓటీకి 10.94, బంగారం డివర్స్‌కే. ఓటీకి అప్పుడు ముప్ఫై ఆరేళ్లు.

1997లో ఏథెన్స్ ప్రపంచ పోటీల్లో వంద మీటర్ల ఫైనల్లో ఎవరో ముందే కదిలారు. వెనక్కి పిలిచే తుపాకీ శబ్దం ఓటీకి వినబడలేదు. దాదాపు యాభై, అరవై మీటర్లు ఒంటరిగా పూర్తి వేగంతో పరుగెత్తాకే తెలిసింది. మిగతావాళ్లు గీత దగ్గరే ఉన్నారు. వెనక్కి వచ్చి, వాళ్లతోపాటు మళ్లీ మొదలుపెట్టి ఏడో స్థానంలో నిలిచింది. తర్వాత రెండు వందల మీటర్లలో కాంస్యం తెచ్చుకుంది. శ్రీలంక అమ్మాయి సుశాంతిక జయసింఘే రజతం గెలిచింది ఆ పందెంలోనే.

1998 నుంచి ఆమె స్లొవేనియాలోని లుబ్లియానాలో శిక్షకుడు స్రజాన్ జోర్జెవిచ్ దగ్గర సాధన చేసింది. 1999 వేసవిలో లూసెర్న్‌లో తీసిన నమూనాలో నాండ్రోలోన్ అనే నిషేధిత మందు కనబడిందన్నారు. ఆమె ఒప్పుకోలేదు. సెవిల్ ప్రపంచ పోటీలకు దూరం కావాల్సి వచ్చింది. జమైకా సంఘం నిర్దోషి అంది, అంతర్జాతీయ సమాఖ్య కాదంది. చివరికి 2000 జులైలో మధ్యవర్తుల తీర్పుతో నిషేధం తొలగిపోయింది. సిడ్నీకి రెండు నెలలే మిగిలాయి.

జమైకా ఎంపిక పోటీల్లో ఆమెకు నాలుగో స్థానం వచ్చింది. ముగ్గురికే చోటు. అయినా ఎంపికదారులు పీటా-గే డౌడీని తప్పించి ఓటీని పెట్టారు. డౌడీ ఎంపిక పోటీల్లో ఓటీని ఓడించిన అమ్మాయి. సిడ్నీ క్రీడాగ్రామంలో జమైకా ఆటగాళ్లే ఓటీని పంపేయాలని నిరసనకు దిగారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ట్రాక్ మీద గెలుచుకున్న చోటును ఆఫీసు గదిలో తీసేస్తే ఏ అమ్మాయి గుండె అయినా మండుతుంది. అదే సమయంలో, ఇరవై ఏళ్లు ఆ జెండాను మోసిన మనిషి సొంత జట్టు తనను వద్దంటూ కేకలు వేయడం వింటే ఆమెకు ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. ఈ రెండు బాధల్లో ఒకటి నిజమై ఇంకోటి అబద్ధం కానక్కర్లేదు.

సిడ్నీ రిలేలో ఆమె ఉన్న జట్టుకు రజతం వచ్చింది. ఆ జట్టులో పద్దెనిమిదేళ్ల వెరోనికా క్యాంప్‌బెల్ ఉంది. చివరి అంచె నలభై ఏళ్ల ఓటీది. జమైకా కోసం ఆమె చివరి ఒలింపిక్ పరుగు అదే.

2002 మేలో ఆమె స్లొవేనియా పౌరసత్వం తీసుకుంది. యుగోస్లావియా నుంచి 1991లో విడిపోయిన దేశం, జనాభా ఇరవై లక్షలు. ఆల్ప్స్ కొండల మధ్య అక్కడివాళ్లు మంచు మీద జారడంలో దిట్టలు. కరీబియన్ ఎండలో పుట్టిన మనిషి అక్కడ సాధన చేసింది. డబ్బు కోసం జెండా మార్చిందన్న మాట కొందరు అన్నారు. కానీ అప్పటికే ఆమె నాలుగేళ్లుగా ఆ ఊళ్లో, ఆ శిక్షకుడి దగ్గర బతుకుతోంది. పౌరసత్వం ఆ నాలుగేళ్ల జీవితానికి పడిన ముద్ర మాత్రమే.

2004 ఏథెన్స్ ఆమెకు ఏడో ఒలింపిక్స్. అప్పటికి అథ్లెటిక్స్‌లో ఏడు ఒలింపిక్స్ ఆడినవాళ్లు ఇంకెవరూ లేరు. 1997లో తుపాకీ వినబడక ఒంటరిగా పరుగెత్తిన అదే స్టేడియంలో, ఇప్పుడు స్లొవేనియా జెర్సీతో, నలభై నాలుగేళ్ల వయసులో వంద మీటర్ల సెమీఫైనల్‌కు చేరింది. రెండు వందల సెమీఫైనల్‌లో గాయం ఆపేసింది. ఆ పందెం స్వర్ణం గెలిచింది వెరోనికా క్యాంప్‌బెల్, సిడ్నీ రిలేలో ఓటీతో కలిసి పరుగెత్తిన పిల్ల.

అప్పటి నుంచి ఆమె పరుగులు పాత మైదానాల చుట్టూ తిరిగాయి. 2006లో గొతెన్‌బర్గ్ యూరోపియన్ పోటీల్లో, నలభై ఆరేళ్లకు, వంద మీటర్ల సెమీఫైనల్ చేరింది. 1995లో అదే మైదానంలో జమైకాకు ప్రపంచ స్వర్ణం తెచ్చింది. ముందు దాటిన అమెరికా రన్నర్ గ్వెన్ టోరెన్స్ లేన్ గీత తొక్కడంతో ఆ పతకం ఓటీకి దక్కింది. 2008 బీజింగ్ అర్హతను 0.28 సెకన్ల తేడాతో పోగొట్టుకుంది. అక్కడ జమైకా అమ్మాయిలు వంద మీటర్లలో స్వర్ణం ఒకటి, రజతాలు రెండు పట్టారు.

2010లో బార్సిలోనా యూరోపియన్ పోటీలు. పద్దెనిమిదేళ్ల కిందట ఒలింపిక్ కాంస్యం గెలిచిన మోంజుయిక్ కొండ మీది స్టేడియం. స్లొవేనియా 4×100 రిలే జట్టులో చివరి అంచెకు నిలబడింది. వయసు యాభై. హీట్స్ దాటలేదు.

రెండేళ్లకు హెల్సింకి. 1983లో తొలి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు, ఇరవై మూడేళ్ల ఓటీ ఈ స్టేడియంలోనే తూర్పు జర్మనీ రన్నర్ మరీటా కోఖ్ వెనుక రెండు వందల మీటర్ల రజతం, రిలేలో కాంస్యం గెలుచుకుంది. 2012 యూరోపియన్ పోటీల్లో మళ్లీ ఆ ట్రాక్ మీదికి వచ్చింది. వయసు 52. ఒంటి మీద స్లొవేనియా జెర్సీ, చుట్టూ తనకంటే ఎంతో చిన్నవాళ్లైన జట్టు అమ్మాయిలు. ఆమె కర్ర అందుకుని పరుగెత్తింది.