వాడేవారి మాటకు చోటు దొరికిన కథ

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అచ్చు బాగుండేది గానీ కాగితం తరచూ ఇరుక్కునేది. యంత్రం వేరేచోట ఉండడంతో, తమ పని ఆగిపోయిన సంగతి అక్కడికి వెళ్లేదాకా ఎవరికీ తెలిసేది కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ అక్కడ ప్రోగ్రామర్. పాత ప్రింటర్‌కు ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు ఆయన దాని ప్రోగ్రామును సవరించి, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు అందేలా చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్‌కోడ్, అంటే ప్రోగ్రామర్లు చదివి మార్చగల అసలు రాత, లేదు. అది తన దగ్గర ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసిచ్చానన్నాడు.

ఆ తిరస్కారం స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరు 27న ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, మార్చినదాన్నీ పంచుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఈ నాలుగు హక్కులే పునాది.

అయితే, కోడ్ చదవడం రానివారికి మార్చుకునే హక్కు వల్ల ఏం ఒరుగుతుంది? తాళంచెవి చేతికి వచ్చినా తలుపు ఎక్కడుందో తెలియని పరిస్థితి వాళ్లది. వాళ్ల ఇబ్బంది ప్రోగ్రాము రాసేవారి చెవిన పడాలంటే దానికి వేరే ఏర్పాటు కావాలి. నాకు అసలు ఆవిష్కరణగా కనిపించేది ఆ ఏర్పాటే.

దానికి దారి వేసినవాటిలో డెబియన్ ఒకటి. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు 1997లో ఒక సామాజిక ఒప్పందం రాసుకుంది. లోపాలను దాచబోమని, వచ్చిన ఫిర్యాదులన్నీ అందరికీ కనబడేలా ఉంచుతామని, వాడేవారి అవసరాలకు పెద్దపీట వేస్తామని అందులో మాట ఇచ్చింది. ఫిర్యాదు పంపడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఏం చేస్తే ఏం జరిగిందో వివరంగా రాయాలి. దానికొక సంఖ్య పడుతుంది, ఎవరు పట్టించుకున్నారో, ఏమని జవాబిచ్చారో ఎవరైనా చూడవచ్చు. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఒప్పుకున్నవారి కంప్యూటర్ల నుంచి ఏ ప్రోగ్రాములు ఎక్కువగా వాడుతున్నారో లెక్క వెళుతుంది. ఆ లెక్కను బట్టి ఏ ప్రోగ్రాములు డెబియన్ మొదటి సీడీలో ఉండాలో తేల్చేవారు. నోరు విప్పనివారి వాడకానికి కూడా ఆ రకంగా ఒక ఓటు దక్కింది.

మన దగ్గర ఈ దారి తెలుగు అక్షరం మీదుగా నడిచింది. కంప్యూటర్లో తెలుగు కనబడాలంటే ముందు ఫాంట్లు కావాలి. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో అందించారు. తరువాత మెనూలు, సందేశాలు తెలుగులోకి రావాలి. ఈ పనికి కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఒక ఫైల్లో ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు వాక్యం రాయాలి, అంతే. గ్నోమ్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి ఫైళ్లు కొన్నిటిలో నేటికీ ప్రజాశక్తి స్థానికీకరణ బృందం పేరు ఉంటుంది. ఒక తెలుగు దినపత్రిక వాళ్లు ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌కు మాటలు అందించారు. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఆ పనిలోకి ఇంజనీరింగు విద్యార్థులను పెద్ద ఎత్తున తీసుకొచ్చి, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాకు కూడా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ సందేశాలను వాడుకరులే తెలుగులోకి మార్చుకున్నారు. ఒక మాట కుదరలేదనిపిస్తే చర్చించి మార్చుకునే అధికారం కూడా వారిదే.

ఆ అధికారం లేనిచోట ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. ఐఫోన్లలో ఒకే ఒక్క తెలుగు సంయుక్తాక్షరం సందేశంగా వస్తే యాప్‌లు కుప్పకూలాయి. తప్పు మన భాషకు సంబంధించినది, బాధ ప్రపంచమంతటిది. లోపల ఏముందో చూసే వీలు మాత్రం తెలుగువారికి లేదు. కంపెనీ 11.2.6 వెర్షన్ విడుదల చేసేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పని మొదలైన రోజుల్లోనే, కంప్యూటర్లకు దూరంగా, అనంతపురం మెట్టలో ఇలాంటి ప్రయోగమే జరిగింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల అది. వాన తప్పితే శెనక్కాయ ఎండుతుంది, బోరు మీద బోరు వేస్తే అప్పు మిగులుతుంది. భూగర్భజలం లెక్కలు అధికారుల దగ్గర, శాస్త్రవేత్తల దగ్గర ఉండేవి. నీళ్లు తోడే రైతుకు అవి అందేవి కావు. 2003లో మొదలైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థలు) అనే పథకం ఆ లెక్కల పనిని రైతుల చేతికే ఇచ్చింది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో, నంద్యాలకు చెందిన బర్డ్స్, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి అనంతపురం సహా 7 కరువు జిల్లాల్లో దీన్ని నడిపాయి. ఆడా మగా రైతులు వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు, అంకెలను ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుంది, వేయదలచిన పంటలు ఎంత తాగుతాయి అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంట మానుకోమని ఎవరూ ఆదేశించలేదు. లెక్క కళ్లముందు ఉండేసరికి చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

డెబియన్ ఫిర్యాదుల పట్టికకూ ఊరి బోర్డుకూ ప్రాణం ఒకటే: సమాచారం అందరి ముందూ ఉండాలి, చెప్పడానికి చదువు అడ్డు కాకూడదు, చెప్పినదానికి ఫలితం కనబడాలి. మూడోది లేకపోతే రెండోసారి ఎవరూ నోరు తెరవరు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ రెండోదే కొరత. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయాలి, చాలాచోట్ల ఖాతా తెరవాలి, వెర్షన్ సంఖ్య చెప్పాలి. వాతావరణం, ధరలు, బీమా అన్నీ ఫోన్లోనే చూసుకుంటున్న రైతుకు, పొదుపు సంఘం లెక్కలు రాసే అక్కకు ఈ మెట్లు ఎక్కడం కష్టం. అనంతపురం జేఎన్‌టీయూలో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లు చదివే పిల్లలున్నారు. వాళ్లు ఊళ్లకు వెళ్లి, తెలుగులో చెప్పిన ఇబ్బందిని విని, దాన్ని సాఫ్ట్‌వేర్ రాసేవారికి చేర్చి, వచ్చిన జవాబును మళ్లీ ఊరికి తెచ్చి చెప్పవచ్చు. అది చదువులో భాగమైతే ఇంకా మంచిది. భూగర్భజలాన్ని కొలిచి, లెక్కగట్టి, పంట మార్చుకోగలిగినవారు తమ ఫోన్లోని ప్రోగ్రాము ఎలా ఉండాలో కూడా చెప్పగలరు. అడిగి వినే పని ఇక సాఫ్ట్‌వేర్ రాసేవారిదే.