ఫిల్ము నుంచి డిస్కుకు: అమెరికా అణు విద్యుత్ కేంద్రాల రికార్డుల చరిత్ర

అమెరికాలో అణు విద్యుత్ కేంద్రానికి తొలుత ఇచ్చే లైసెన్సు గడువు 40 సంవత్సరాలు. ఆపై ఒక్కో విడతకు 20 సంవత్సరాల వరకు దానిని పొడిగించే వీలుంది కనుక, నిర్మాణకాలంలో ఒక గొట్టపు అతుకును పరీక్షించి తనిఖీదారు సంతకం చేసిన కాగితం, అతడు పదవీ విరమణ చేసిన ఎన్నో ఏళ్ల తరువాత, అతడిని ఎన్నడూ చూడని ఇంజనీర్లకు ఆధారం కావలసి వస్తుంది. కాంక్రీటులో పూడిపోయిన ఉక్కు కడ్డీలను తవ్వి చూడటం సాధ్యం కానందున, అవి ఏ రకం ఉక్కుతో తయారయ్యాయో, ఏ పరీక్షకు నిలిచాయో చెప్పగలిగేది ఆ కాగితమే. ఇటువంటి పత్రాలు కాగితం నుంచి మైక్రోఫిల్ముకు, మైక్రోఫిల్ము నుంచి డిజిటల్ నిల్వకు మారిన క్రమంలో, వాటి మన్నికకు పూచీ వస్తువు నుంచి మనుషుల మీదికి మారింది.

పత్రాన్ని ఫొటో తీసి, కంటికి ఆనని పరిమాణానికి కుదించి భద్రపరిచే ఫిల్మును మైక్రోఫిల్ము అంటారు. 1839లో జాన్ బెంజమిన్ డాన్సర్ తీసిన సూక్ష్మ ఛాయాచిత్రాలు దీనికి మూలం కాగా, 1870–71లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు రెనే డాగ్రోన్ ఉత్తరాలను ఇలాగే కుదించి పావురాల ద్వారా నగరంలోకి పంపే ఏర్పాటు చేశాడు. అయితే, దీనికి కార్యాలయాలలో స్థానం దక్కింది 1920లలో, న్యూయార్కు బ్యాంకు ఉద్యోగి జార్జ్ మెకార్తీ చెక్కుల నకళ్లు తీసే యంత్రాన్ని రూపొందించిన తరువాతనే. 1928లో ఈస్ట్‌మన్ కొడాక్ ఆ యంత్రాన్ని చేజిక్కించుకొని రికార్డాక్ పేరుతో అమ్మింది. కర్మాగారాలకు మరింత ఉపయోగపడినది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రూపుదిద్దుకున్న అపర్చర్ కార్డు: పంచ్ కార్డులో చిన్న కిటికీ కత్తిరించి, అందులో 35 మిల్లీమీటర్ల ఫిల్ము ముక్కను అమర్చి, డ్రాయింగు సంఖ్యను కార్డుపై రంధ్రాలుగా పొడవడం వల్ల, బల్లంత పెద్ద డ్రాయింగు యంత్రంతో వరుస పెట్టదగిన కార్డుగా మారింది.

అణు విద్యుత్ కేంద్రాల విషయంలో రికార్డు చట్టబద్ధమైన బాధ్యత అయింది 1970లో. ఆ ఏడాది అటామిక్ ఎనర్జీ కమిషన్ వెలువరించిన 18 నాణ్యతా ప్రమాణాలలో పదిహేడవది, నాణ్యతకు సంబంధించిన రికార్డులు గుర్తించడానికీ, వెతికి తీయడానికీ వీలుగా ఉండాలని నిర్దేశించింది. వాటిని ఎలా భద్రపరచాలో వివరిస్తూ 1974లో వచ్చిన జాతీయ ప్రమాణం, కేంద్రం పనిచేసినంత కాలం ఉంచవలసిన రికార్డులను తాత్కాలికమైన వాటి నుంచి వేరు చేసి, వాటిని అగ్నికి తట్టుకొనే గదిలోనైనా, లేదా దూరదూరంగా ఉన్న రెండు చోట్ల జంట ప్రతులుగానైనా ఉంచమంది. గదులు నిండే కాగితానికి రెండో ప్రతి తీయించడం భారమైన పని. ఫిల్ముకైతే అది తేలిక. పైగా పాలియెస్టర్ ఆధారంపై వెండి లవణాలతో తయారైన ఫిల్మును శుభ్రంగా కడిగి, చల్లని పొడి గదిలో ఉంచితే 500 సంవత్సరాలు నిలుస్తుందని అంచనా.

ఈ మన్నికకు లోపాలు లేకపోలేదు. పూర్వపు అసిటేట్ ఫిల్ము తేమకూ వేడికీ కుళ్లి పుల్లని వాసన వేసేది. ప్రతికి ప్రతి తీసిన కొద్దీ అక్షరాల అంచులు చెదిరేవి. అంతకన్నా ప్రమాదకరమైనది సవరణల సమస్య: డ్రాయింగు మారిన ప్రతిసారీ కొత్త కార్డు చేసి, కేంద్రంలో వేర్వేరు చోట్ల ఉన్న కార్డు పెట్టెలన్నింటిలోనూ పాత కార్డు తీసి కొత్తది పెట్టాలి, ఒక్కచోట మరచినా, మరమ్మతుకు దిగిన సిబ్బంది లేని గొట్టాన్ని ఉన్నదనుకొనే అవకాశం ఉండేది.

పత్రాలన్నింటినీ ఒకేచోట ఉంచే వీలున్నందున, 1980లలో వచ్చిన ఆప్టికల్ డిస్కు ఈ సమస్యకు పరిష్కారంగా కనిపించింది. లేజరు కిరణంతో పలుచని పొరపై గుర్తులు చేసి సమాచారాన్ని నిలిపే ఈ 12 అంగుళాల పళ్లెం, ఆ దశాబ్దం నడిమి కాలానికి ఒక్కో ముఖాన దాదాపు 1 గిగాబైటు పట్టేది. అంగుళానికి 200 చుక్కల చొప్పున స్కాన్ చేసిన పేజీని కుదిస్తే సుమారు 50 కిలోబైట్లకు వస్తుంది కనుక, ఒక ముఖాన 20 వేల పేజీల దాకా ఇమిడేవి. మైక్రోఫిష్ అనే సాధారణ ఫిల్ము రేకుపై పట్టేవి 98 పేజీలే. ఒకసారి రాస్తే చెరపడం సాధ్యం కాని ఈ రకం డిస్కును వర్మ్ అనేవారు.

అప్పటి నిబంధన మూలప్రతిని, నకలును, మైక్రోఫారమ్‌ను (మైక్రోఫిల్ము, మైక్రోఫిష్ వంటివి) మాత్రమే పేర్కొన్నందున, డిస్కు చెల్లుతుందా అన్న ప్రశ్న వచ్చింది. 1988 అక్టోబరు 20న, అటామిక్ ఎనర్జీ కమిషన్ నుంచి ఈ బాధ్యతను చేపట్టిన అణు నియంత్రణ కమిషన్ జారీ చేసిన 88-18 సంఖ్య గల సార్వత్రిక లేఖ దానికి షరతులతో సమ్మతి తెలిపింది: డిస్కు చెరపరానిదై ఉండాలి, ప్రతి చిత్రమూ చదవదగినట్లు ఉన్నదని సరిచూడాలి, నాణ్యత తగ్గలేదని నిర్ధారించుకోవడానికి అప్పుడప్పుడు కొన్ని చిత్రాలను యాదృచ్ఛికంగా పరీక్షించాలి, తయారీదారు హామీ ఇచ్చిన ఆయువు తీరకముందే కొత్త డిస్కుపైకి ఎక్కించాలి, పాత వ్యవస్థతో పొసగని కొత్త వ్యవస్థ వచ్చినప్పుడు, పాతదాన్ని తొలగించక మునుపే రికార్డులన్నింటినీ మార్చాలి.

చివరి మూడు షరతులలోనే అసలు మార్పు ఉంది. ఫిల్మును సరిగా కడిగి గదిలో పెట్టినవారి పని దాదాపు అక్కడితో తీరేది. డిస్కును పెట్టినవారి పని అప్పుడే మొదలయ్యేది. ఈ రెండో పద్ధతి తెలుగు దేశానికి కొత్త కాదు: ఎండకూ పురుగుకూ శిథిలమయ్యే తాటాకు గ్రంథాలు శతాబ్దాలు నిలిచింది, ఆకు శిథిలం కాకముందే మరొక లేఖకుడు కొత్త ఆకుపైకి ఎత్తి రాసినందువల్లనే, ఎత్తి రాయనివి అంతరించాయి. 2000 అక్టోబరులో కమిషన్ ఇచ్చిన మరో మార్గదర్శకం, అణు రంగపు రికార్డు నిర్వాహకుల సంఘం 1998లో రూపొందించిన సూచనలను ఆమోదిస్తూ, ఒక డిస్కు రకానికి పరిమితం కాకుండా ఎలక్ట్రానిక్ మాధ్యమాలన్నింటికీ ఇదే క్రమశిక్షణను విస్తరించింది.

అయితే ఎత్తి రాసే చేయి తప్పును కూడా ఎత్తి రాస్తుంది. 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో, 1956లో వేసిన గ్యాసు గొట్టం పేలి 8 మంది మరణించగా, ఆ 30 అంగుళాల గొట్టాన్ని అతుకు లేనిదిగా కంప్యూటరు రికార్డు చూపుతున్నదనీ, వాస్తవంలో అది నిలువునా అతికినదనీ దర్యాప్తులో తేలింది. చిత్రం స్పష్టంగా ఉన్నదా అని సరిచూసే పరీక్ష, అందులోని మాట నిజమా అని సరిచూడదు. ఆ పని పత్రాన్ని మొదట రాసిన చోటనే జరగాలి.

అణు నియంత్రణ కమిషన్ 1999 నవంబరు నుంచి తన పత్రాలను కంప్యూటరు వ్యవస్థలోనే ప్రజలకు అందుబాటులో ఉంచుతున్నది. అంతకు ముందరి పత్రాలలో ఎన్నో కమిషన్ ప్రజా పత్రాలయంలో మైక్రోఫిష్ రూపంలోనే ఉన్నాయి; వాటిని చదవడానికి దీపమూ కటకమూ చాలు. 1988 నాటి లేఖ అనుమతించిన 12 అంగుళాల డిస్కులను చదివే యంత్రాలు మాత్రం నేడు తయారు కావడం లేదు.