మంజూష ఒకచోట, ధాతువు ఒకచోట: కలకత్తా నగరంలో ఆంధ్ర బౌద్ధపు జాడలు

కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపగర్భం నుండి వెలువడిన బుద్ధధాతువు నేడు కలకత్తా నగరంలో, కాలేజ్ స్క్వేర్ ప్రక్కనున్న శ్రీ ధర్మరాజిక చైత్య విహారంలో ఉన్నది. ఈ సంగతి తెలిసిన తెలుగువారు తక్కువ. కలకత్తాకు వెళ్లిన మనవారు కాళీఘాట్ దర్శిస్తారు, విక్టోరియా మెమోరియల్ చూస్తారు, హౌరా వంతెన దాటుతారు, తిరిగి వస్తారు. తమ జిల్లా నేల నుండి వెళ్లిన పవిత్రధాతువు ఆ నగరపు నడిబొడ్డున ఉన్నదని వారికి చెప్పినవారు లేరు. మేము కొందరం ఉపాసకులం ఆ నగరపు ప్రదర్శనశాలలను, విహారాలను, నాటకశాలకు నెలవైన ఠాకూర్ల భవనాన్ని చూచి వచ్చాము. అక్కడ మన చరిత్ర ఎంత ఉన్నదో, ఏ స్థితిలో ఉన్నదో సహధర్మచారులకు నివేదించడం ఈ వ్యాసపు ఉద్దేశం.

ముందుగా భట్టిప్రోలు కథ. ఇది నేటి బాపట్ల జిల్లాలో ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ మహాస్తూపపు ఇటుకలు రోడ్లకు, రాళ్లు కాలువ పనులకు తరలిపోయాయి. మిగిలిన దిబ్బను 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే త్రవ్వించాడు. స్తూపగర్భంలో మూడు రాతి మంజూషలు దొరికాయి. వాటి లోపల స్ఫటిక కరండాలు, బంగారు పూలు, ముత్యాలు, ధాతుశకలం ఉన్నాయి. మంజూషల అంచులపైనా మూతలపైనా ప్రాచీన బ్రాహ్మీలిపిలో శాసనాలు ఉన్నాయి. 1894లో వాటి పాఠాలను బ్యూలర్ పండితుడు ప్రకటించాడు. ఆ లిపి ఇతర బ్రాహ్మీ శాసనాలలోని లిపికంటె కొంత భిన్నమైనది కనుక దానికి భట్టిప్రోలు లిపి అనే పేరే నిలిచిపోయింది.

ఆ శాసనాలు ఏమి చెబుతున్నవి? కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అనే నలుగురు కలిసి బుద్ధశరీరధాతువులను భద్రపరచుటకు మంజూషను, స్ఫటిక సముద్గకాన్ని చేయించారని ఒక శాసనం. కుబిరకుడనే రాజు పేరు మరొక శాసనంలో కనిపిస్తుంది. అయితే రాజు అక్కడ ఒంటరిగా లేడు. గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆరు పలకల స్ఫటికమొకదానిపై నందపురపు స్త్రీలను, శ్రామణేరులను స్మరించారు. అంటే ఆ స్తూపం ఒక రాజు కట్టించి ఇచ్చినది కాదు. ఒక ఊరి కుటుంబాలు, వర్తక సంఘాలు, స్త్రీలు, యువ శ్రామణేరులు చేయి చేయి కలిపి నిలిపినది.

ఈ ధాతువు కలకత్తాకు ఎలా చేరింది? సింహళానికి చెందిన అనగారిక ధర్మపాలుడు 1891లో కొలంబోలో మహాబోధి సభను స్థాపించి, మరుసటి సంవత్సరం దాని కార్యస్థానాన్ని కలకత్తాకు మార్చాడు. ఆ 1892లోనే చిట్టగాంగు ప్రాంతపు భిక్షువు కృపాశరణ మహాస్థవిరుడు అదే నగరంలో బౌద్ధ ధర్మాంకుర సభను నెలకొల్పాడు. రే మన భట్టిప్రోలులో గునపం దింపిన సంవత్సరమూ అదే. హోనోలూలూ నివాసిని మేరీ ఫాస్టర్ దానంతో మహాబోధి సభ కాలేజ్ స్క్వేర్ వద్ద విహారం నిర్మించింది. 1920 నవంబరులో బెంగాల్ గవర్నరు రొనాల్డ్‌షే ప్రభువు గవర్నమెంట్ హౌస్‌లో భట్టిప్రోలు ధాతువును సభకు అప్పగించాడు. సభాధ్యక్షుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ దానిని స్వీకరించాడు. 1803లో కట్టిన ఆ రాజప్రాసాదం నుండి ఊరేగింపుగా ధాతువు విహారానికి చేరింది. ఆ భవనమే తరువాత రాజ్‌భవన్ అయింది. దాని ముందు నుండి నడిచే తెలుగు బౌద్ధుడు ఆ ఊరేగింపును తలచుకోవాలి.

ధాతువు కలకత్తాకు వెళ్లింది. ఆ ధాతువును ఇరవై శతాబ్దాలకు పైగా కడుపులో దాచుకొన్న మంజూషలు మద్రాసు ప్రదర్శనశాలలో ఉండిపోయాయి.

ఇది ఒక్క భట్టిప్రోలుకు జరిగినది కాదు. 1898లో నేపాల్ సరిహద్దుకు సమీపాన పిప్రాహ్వా స్తూపాన్ని పెప్పే అనే ఎస్టేటుదారుడు త్రవ్వించినపుడు ధాతువులు, మణులు, శాసనం చెక్కిన కరండం లభించాయి. అప్పుడు భిక్షువుగా ఉన్న సియాం రాజవంశీకుడు జినవరవంసుడు, ధాతువులను స్వతంత్ర బౌద్ధరాజైన సియాం ప్రభువుకు ఇవ్వమని కోరాడు. ప్రభుత్వం అంగీకరించింది. 1899లో ధాతువులు బాంకాక్ చేరాయి. చులాలంకరణ మహారాజు వాటిలో కొంత భాగాన్ని సింహళ, బర్మా బౌద్ధులకు పంచి, మిగిలిన వాటిని వాట్ సాకేత్‌లోని సువర్ణగిరిపై ప్రతిష్ఠించాడు. ఆయన యువకుడుగా 1872లో కలకత్తాను సందర్శించినవాడే. 1874లో తన ప్రాసాదంలోనే ప్రదర్శనశాలను తెరచినవాడు. ధాతువులు ఆయన వద్దకు వెళ్లాయి. శాసనం గల కరండం మాత్రం కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో నిలిచింది. ఆ శాసనంలోనూ ఒక కుటుంబమే ఉన్నది. సోదరులు, వారి అక్కచెల్లెళ్లు, భార్యలు, పుత్రులు కలిసి శాక్యముని ధాతువులకు ఈ నిధానం చేశారని అది చెబుతుంది.

రెండుచోట్లా ఒకే పద్ధతి. ఎముక పూజకు పనికివచ్చేది కనుక బౌద్ధులకు. పాత్ర చరిత్రకు పనికివచ్చేది కనుక ప్రదర్శనశాలకు. ఆనాటి ప్రభుత్వానికి ఇది సమంజసమైన పంపకంగానే తోచి ఉండవచ్చు. కాని దాతల పేర్లు ఎముకపై లేవు, పాత్రపై ఉన్నాయి. పాత్ర దూరమైనపుడు పూజించేవారికి దాతలు దూరమయ్యారు. ధాతువు దూరమైనపుడు చదివేవారికి ఆ దాతల శ్రద్ధ దూరమయింది. కలకత్తా నగరంలో ఆ విహారానికి, ఆ ప్రదర్శనశాలకు నడుమ దూరం మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. ఆ కొద్ది దూరాన్ని మనసులో దాటడమే నేటి బౌద్ధుని ముందున్న పని అని మా అభిప్రాయం.

ఇండియన్ మ్యూజియాన్ని స్థానికులు జాదూఘర్ అంటారు. 1814లో ఏషియాటిక్ సొసైటీ ఆశ్రయంలో వెలసిన ఈ సంస్థ భారతదేశపు ప్రదర్శనశాలలలో మొదటిది. ఇందులో భార్హుత్ స్తూపపు ఎర్రరాతి వేదిక, తూర్పు తోరణం నిలిపిన విశాలమైన గది ఉన్నది. మధ్యభారతంలోని భార్హుత్‌ను 1873లో కన్నింగ్‌హామ్ కనుగొన్నాడు. గ్రామస్థులు ఇళ్లకు తరలించగా మిగిలిన రాళ్లను ఆయన కలకత్తా చేర్పించాడు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దపు ఆ శిల్పంలో బుద్ధునికి మానవరూపం లేదు. బోధివృక్షం, ధర్మచక్రం, శూన్యాసనం, పాదచిహ్నాలు మాత్రమే ఉన్నాయి. అమరావతి తొలి శిల్పాలు ఎరిగినవారికి ఈ భాష పరిచితమే. జాతకకథల ప్రక్కనే వాటి పేర్లను బ్రాహ్మీలో చెక్కారు. ఒక వృత్తఫలకంలో అనాథపిండికుడు జేతవనాన్ని కొంటున్నాడు. ఎడ్లు విప్పిన బండి నుండి నాణేలు దింపుతున్నారు, నేలపై పరుస్తున్నారు, అనాథపిండికుడు ధారపోయుటకు జలపాత్ర పట్టుకొని నిలిచాడు. స్తంభాలపై, సూచీఫలకాలపై భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు ఇచ్చిన దానాల లెక్క ఉన్నది.

ఆ దానాల మాటకు మరొక గొప్ప సంబంధం ఉన్నది. అది తెలియాలంటే పార్క్ స్ట్రీట్‌లోని ఏషియాటిక్ సొసైటీకి వెళ్లాలి. 1784లో స్థాపితమైన ఈ సంస్థకు కార్యదర్శిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్, టంకశాలలో ఉద్యోగి. బ్రాహ్మీని అప్పటికి పూర్తిగా చదువగలవారు లేరు. సాంచి వేదికపై ఉన్న చిన్న చిన్న శాసనాల నకళ్లను పరిశీలిస్తూ, దాదాపు అన్నీ ఒకే అక్షరాలతో ముగియడాన్ని ప్రిన్సెప్ గమనించాడు. ఇవి దాతల పేర్లయితే చివరి మాట 'దానం' కావలెనని ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. 1837లో బ్రాహ్మీలిపి విప్పారింది, అశోకుని ధర్మలిపులు మళ్లీ పలికాయి. చక్రవర్తి మాటలను మనకు తిరిగి ఇచ్చిన తాళపుచెవి, సామాన్యులు చిన్న చిన్న రాళ్లపై చెక్కించుకొన్న 'దానం' అనే రెండక్షరాల మాట.

అదే సంస్థలో రాజస్థాన్‌లోని బైరాట్ నుండి తెచ్చిన అశోకుని శిలాశాసనం ఉన్నది. ఇది సంఘాన్ని ఉద్దేశించినది. బుద్ధ ధర్మ సంఘాలపై తన గౌరవాన్ని, ప్రసన్నతను తెలిపి, ఏడు ధర్మగ్రంథాల పేర్లు చెప్పి, వాటిని భిక్షువులు, భిక్షుణులు మాటిమాటికీ విని మననం చేయవలెనని అశోకుడు కోరుతాడు. ఉపాసకులు, ఉపాసికలు కూడ అట్లే చేయవలెనంటాడు. గృహస్థుడైన బౌద్ధునికి పూజతోపాటు చదువు కూడ విధి అని ఆ రాయి చెబుతున్నది.

ఇక మన అమరావతి. పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తుండగా దీపాలదిన్నెలో శిల్పాలు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ వాటిని చూచాడు, తిరిగి 1816లో వచ్చి చిత్రపటాలు వ్రాయించాడు. మొదట అది జైనక్షేత్రమనే ఆయన తలచాడు. బౌద్ధం ఆ నేలపై అంతగా మరపున పడినది. కొన్ని శిల్పఫలకాలను ఆయన కలకత్తాకు పంపాడు. ఆయన సర్వేయర్ జనరల్‌గా ఆ నగరానికి వెళ్లినపుడు మన ఏలూరు కావలి సోదరులలో లక్ష్మయ్య కూడ వెంట వెళ్లాడు. తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఈనాడు అమరావతి స్తూపాన్ని పూర్తిగా చూడదలచినవాడు అమరావతి, చెన్నై, కలకత్తా, లండన్ నగరాలు తిరగవలెను.

ఆ స్తూపపు శాసనాలలో ఒకటి మనవారందరూ కంఠస్థం చేయదగినది. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, చర్మకారుడు విధికుడు, తన తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో కూడి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడని అది చెబుతుంది. చర్మకారుని తండ్రి ఉపాధ్యాయుడు. చర్మకారుని దానం మహాచైత్యపు శిలలలో స్థానం పొందింది. వృత్తిని దాచుకోవలసిన అవసరం ఆయనకు కలుగలేదు. పేరుతోపాటే దానిని చెక్కించుకొన్నాడు. తరువాతి శతాబ్దాలలో ఆ వృత్తివారిని ఊరి వెలుపలికి నెట్టిన సమాజం, అంతకు ముందు ఈ నేలపై మరొక పద్ధతి ఉండేదన్న సంగతినే మరపించింది. విధికుని ఫలకం దానికి సాక్ష్యం.

కలకత్తాలో బౌద్ధం రాళ్లలోనే ఆగిపోలేదు, రంగస్థలం ఎక్కింది. నేపాల్ నుండి వచ్చిన సంస్కృత బౌద్ధగ్రంథాల సారాంశాలను రాజేంద్రలాల్ మిత్ర 1882లో ఏషియాటిక్ సొసైటీ ద్వారా ప్రకటించాడు. ఆ గ్రంథంలోని కథలనుండే రవీంద్రనాథ ఠాకూర్ రెండు నాటకాలకు ఇతివృత్తం గ్రహించాడు. 1926 నాటి 'నటీర్ పూజ'లో రాజు స్తూపపూజను నిషేధిస్తాడు. శ్రీమతి అనే నర్తకిని ఆ స్తూపం ముందే నాట్యమాడమని ఆజ్ఞాపిస్తారు. ఆమె ఆ నాట్యాన్నే పూజగా మార్చి ప్రాణమిస్తుంది. 1933 నాటి 'చండాలిక'లో ఆనందభిక్షువు ప్రకృతి అనే అస్పృశ్యకన్య చేతి నీరు త్రాగి, తానూ మనిషినేనన్న ఎరుకను ఆమెలో కలిగిస్తాడు. జొరాసాంకోలోని ఠాకూర్ల భవనం నేడు ప్రదర్శనశాల. 'నటీర్ పూజ' ఆడిన ప్రాంగణం అదే. సియాంలో వెస్సంతర జాతకాన్ని నేటికీ పదమూడు భాగాలుగా జనం ముందు గానం చేస్తారు. అదే జాతకాన్ని మన పల్నాటి గోలి శిల్పులు రాతిపై వరుసగా చెక్కారు, ఆ ఫలకాలు చెన్నైలో ఉన్నాయి. మన ఊళ్లలో దానిని పాడేవారు, ఆడేవారు కావాలి.

విడిపోయినవి కలియడం అసాధ్యం కాదు. సారిపుత్త మొగ్గల్లానుల ధాతువులను సాంచి ప్రాంతం నుండి 1851లో త్రవ్వితీసి లండన్‌కు తరలించారు. అక్కడి ప్రదర్శనశాల ధాతువులను ఇచ్చి పాత కరండాలను తాను ఉంచుకోదలచినపుడు, మహాబోధి సభ ఒప్పుకొనలేదు. మూలకరండాలే కావలెనని పట్టుబట్టి సాధించింది. 1949 జనవరిలో కలకత్తాలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ వాటిని సభాధ్యక్షుడు శ్యామాప్రసాద్ ముఖర్జీకి అప్పగించాడు. 1920లో భట్టిప్రోలు ధాతువును అందుకొన్న ఆశుతోష్ ముఖర్జీ కుమారుడే ఈయన. ధాతువులు 1952లో సాంచిలో ప్రతిష్ఠితమయ్యాయి. ఆ సభ పత్రికలోనే 1950లో బాబాసాహెబ్ అంబేద్కర్ బుద్ధధర్మపు భవిష్యత్తును గురించిన ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రకటించారు. నాగపూర్ దీక్షాభూమికి ఆరు సంవత్సరాల పూర్వపు మాట అది.

భట్టిప్రోలు మంజూషలు, ధాతువు ఒకచోటికి చేరే రోజు ఎప్పుడు వస్తుందో చెప్పలేము. ఆ పని ప్రభుత్వాలది. మన చేతిలో ఉన్న పని మరొకటి ఉన్నది. వైశాఖ పూర్ణిమనాడు మన విహారాలలో త్రిశరణ పంచశీలాల అనంతరం దాతల పేర్లను బిగ్గరగా చదువుదాం. కురుని తల్లిదండ్రులను, నందపురపు స్త్రీలను, చర్మకారుడు విధికుని, అతని తల్లిని, భార్యను, కుమార్తెలను స్మరిద్దాం. కలకత్తా వెళ్లేవారు కాలేజ్ స్క్వేర్ విహారంలో వందనం చేసి, ఆ రోజే జాదూఘర్‌కు వెళ్లి భార్హుత్ వేదిక చుట్టూ ప్రదక్షిణంగా నడవాలి. పిల్లలను వెంట తీసుకువెళ్లి, 'దానం' అనే మాట బ్రాహ్మీలో ఎట్లా ఉంటుందో ముందే నేర్పితే, వారే రాళ్లపై దానిని వెదకి చూపిస్తారు.