గోదావరి ఒడ్డున వెదురు చుక్క

డిసెంబరు మొదటి ఆదివారం గడిచిందంటే మా నాన్నగారు కత్తి పట్టుకొని వెదురు కోసం బయలుదేరేవారు. మాది దుమ్ముగూడెం ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఒక చిన్న పల్లె. ఇటు చూస్తే నది, అటు చూస్తే అడవి. తెచ్చిన వెదురును చీల్చి, బద్దలను నున్నగా చెక్కి, పురికొసతో ఐదు మూలల చుక్కను కట్టేవారు. మైదా జిగురు కాచి రంగు కాగితాలు అంటించడం మా పిల్లల వంతు. లోపల చిన్న కిరోసిన్ దీపం, దాని కింద ఒక రేకు ముక్క. చీకటి పడ్డాక ఆ చుక్క మా ఇంటి చూరుకు వేలాడితే, నది మీద పోయే పడవవాళ్ళకు కూడా కనిపించేదని మా నమ్మకం.

అమ్మ పని ఇంకా ముందే మొదలయ్యేది. గోడలకు సున్నం, వాకిట్లో ముగ్గు, గుమ్మానికి మామిడి తోరణం. బియ్యం నానబెట్టి, దంచి, బెల్లం పాకం పట్టి అరిసెలు వత్తేది. మా అమ్మకు ఒక నియమం ఉండేది. మొదటి వాయి అరిసెలు మేము ముట్టకూడదు. అవి ఆకుల్లో పెట్టి, పక్కనున్న కోయ గూడెంలో నాలుగిళ్ళకూ, వీధి చివర వైష్ణవుల ఇంటికీ పంపేది. ఆ తరువాతే మాకు. ముక్కోటి ఏకాదశికి భద్రాచలంలో రాములవారి తెప్పోత్సవం చూసి వచ్చిన వైష్ణవుల అమ్మమ్మగారు, ప్రసాదం పొట్లం మా ఇంటికి పంపేవారు. రెండు పండుగలూ కొద్దిరోజుల తేడాలో వచ్చేవి కనుక, ఏ పొట్లం ఏ దేవుడిదో చిన్నతనంలో నాకు సరిగా తెలిసేది కాదు.

ఈ పండుగ మా అడవి అంచుకు ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా కలిగింది. ఎవరో మిత్రుడు "అది పరాయి పండుగ కదా" అన్నప్పుడు బదులు చెప్పలేక, పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను.

తెలిసిన కథ విచిత్రమైనది. సర్ ఆర్థర్ కాటన్‌కు ధవళేశ్వరం ఆనకట్టతో ఆశ తీరలేదు. గోదావరి మీదుగా పడవలు ఎగువ దేశానికి పోవాలనీ, అక్కడి పత్తి సముద్రానికి దిగాలనీ ఆయన కల. నదికి అడ్డంగా ఉన్న మూడు రాతి అవరోధాలలో మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట, లాకులు, కాలువ పనులు చూడడానికి వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. చుట్టూ ఉన్న కోయవారిని చూసి, 1860 ప్రాంతంలో ఆయన పూనికతోనే అక్కడ క్రైస్తవ బోధ మొదలయింది. ఆయన వద్ద పనిచేసిన వెంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి క్రైస్తవం స్వీకరించి, ఆ సేవకే అంకితమయ్యాడు. 1841లో మచిలీపట్నంలో అడుగుపెట్టిన చర్చ్ మిషనరీ సొసైటీ వారే ఈ కోయ మిషన్‌నూ చేపట్టారు. తరువాత దుమ్ముగూడెంలో చాలాకాలం ఉన్న జాన్ కెయిన్ దొర కోయల ఆచారాల మీదా, భాష మీదా ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసాలు రాశాడు. థర్‌స్టన్ తన కులాలు, తెగల గ్రంథంలో కోయల గురించి చెప్పేటప్పుడు ఆయన మాటలనే ఆధారం చేసుకున్నాడు.

1871లో ఆ జలమార్గం పనులు ఆగిపోయాయి. ఎంతో ఖర్చయింది, రైలు రానేవచ్చింది, పత్తి పడవలు మాత్రం రాలేదు. ఏ పనికోసం దొరలు వచ్చారో అది నిలవలేదు. వారి వెంట వచ్చిన పండుగ నిలిచింది.

ఆ పండుగ మా చేతుల్లో ఎలా మారిందో గమనించండి. చుక్కకు మా అడవి వెదురు. గుమ్మానికి మామిడాకు. పళ్ళెంలో అరిసె. పాటకు డప్పు, తాళాలు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. పల్లెవారు తమ భాషలో, తమ బాణీలలో పాడుకోవాలని ఆయన కోరేవారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయాన్ని చూస్తే, గుమ్మటాలు, మినార్లు, మన గుడిని తలపించే స్తంభాలు ఒక్కచోట కలిసి కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవులు అంతకు ముందే, 19వ శతాబ్దంలోనే, తెలుగు కీర్తనలను సంఘానికి ఇచ్చివెళ్ళారు. ఇన్ని చేతులు పడిన తరువాత దానిని పరాయిదనడానికి నాకు నోరు రాదు.

ఆ మాటకొస్తే మా ఊరిని ఏ ఊరని చెప్పాలి? 1860లో నైజాం నుంచి ఇంగ్లీషువారికి, 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016 నుంచి మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నాన్నగారు పుట్టింది ఒక జిల్లాలో, బడిపంతులుగా పనిచేసింది మరొక జిల్లాలో. ఆయన మాత్రం ఊరు విడిచి వెళ్ళింది లేదు.

ఇక చెప్పవలసింది 1986 సంగతి. ఆ ఏడు ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారంటే ఆ నీటి ఉద్ధృతిని ఊహించుకోవచ్చు. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద కూడా 71.3 అడుగుల దగ్గరే ఆగింది. మా మట్టిగోడల ఇల్లు కూలింది. గట్టు మీద తాటాకుల పాకలో నాలుగు నెలలు గడిపాము. డిసెంబరు వచ్చింది. కొత్త బట్టలు లేవు, బెల్లం లేదు, సున్నం వేయడానికి గోడే లేదు. నాకు పదకొండేళ్ళు. ఈసారి పండుగ వద్దని ముఖం ముడుచుకొని కూర్చున్నాను.

నాన్నగారు నన్ను ఏమీ అనలేదు. కూలిన ఇంటి కప్పులోంచి వెదురు బద్దలు ఏరి తెచ్చారు. రంగు కాగితం లేదు కనుక, బడిలో తడిసి ఆరిన పిల్లల నోటుపుస్తకాల కాగితాలు అంటించారు. "ఆ రాత్రి వాళ్ళకీ సత్రంలో చోటు దొరకలేదు గదరా," అని మాత్రం అన్నారు. దీపం వెలిగించాక, బురద మరకల మధ్య ఎవరో పిల్లవాడు రాసిన ఎక్కాలు తిరగబడి కనిపించాయి.

ఆ సాయంత్రం గూడెం నుంచి ఒక అవ్వ చేటలో ఎండు ఇప్పపూలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "ఏటా నువ్వు పంపేదానివి కదమ్మా" అంది. అమ్మ వాటిని వేయించి, దంచి, ఉండలు కట్టింది. కట్టిన మొదటి ఉండలు ఎప్పటిలాగే ఆకుల్లో పెట్టి గూడేనికే పంపింది. నేను విస్తుపోయి చూశాను. ఉన్నవే పదిహేనో ఇరవయ్యో. మా వాటాకు తలా ఒకటి వచ్చింది.

హేగ్ పేరు, కెయిన్ పేరు, అజరయ్యగారి పేరు చరిత్రలో ఉన్నాయి. ఉండవలసినవే. పండుగను తెచ్చినవారిని గ్రంథాలు గుర్తుపెట్టుకుంటాయి. ఏమీ లేని ఏట దానిని ఆరిపోకుండా నిలిపినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ దొరకవు. మా అమ్మానాన్నలు ఆ రెండవ కోవకు చెందినవారు.

వారిద్దరూ ఇప్పుడు లేరు. ఆ రాత్రి ముఖం ముడుచుకొన్నందుకు క్షమించమని గానీ, ఆ చుక్క ఎంత బాగుందో గానీ నేను వారికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ చుక్కలు, రంగురంగుల బల్బులతో సహా దొరుకుతున్నాయి. నేను మాత్రం ఏటా వెదురు బద్దలే చీలుస్తాను. నాన్నగారి చుక్కంత తిన్నగా ఏనాడూ రాదు. ఒక మూల ఎప్పుడూ వంకరే. మా పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే జిగురు పూస్తారు. మొదటి పళ్ళెం మాత్రం పక్కింటికి పోయాకే వాళ్ళు అరిసె ముడతారు.