పాపారాయుడి ఊళ్ళో మిలట్రీ బాబాయి

మాది రాజాం. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా తాండ్ర పాపారాయుడి మాటే ఎత్తుతారు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులకి బొబ్బిలి కోట కూలినప్పుడు ఆయన రాజాంలో ఉన్నాడు. రోజుల్లోనే విజయరామరాజు గుడారంలో దూరి, అతన్ని చంపి, తనూ పోయాడు. బుర్రకథ చెప్పేవాళ్ళు అక్కడ గొంతు పెంచుతారు, మనం చప్పట్లు కొడతాం.

నన్ను వదలని మనిషి మాత్రం వేరే. కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువుకి చిక్కనివ్వకూడదని సొంతవాళ్ళే చంపుకున్నారని రాబర్ట్ ఓర్మ్ రాశాడు. ఆ మంటల్లోంచి ఒక ముసలాయన ఒక పసివాణ్ణి తెచ్చి ఫ్రెంచివాళ్ళకి అప్పగించాడు. ఆ పసివాడు రంగారావు కొడుకు, చిన రంగారావు. అంత చావులోంచి బయటపడ్డవాడు తర్వాత విజయనగరం కోటలో ఖైదీ అయ్యాడు. 1794లో పద్మనాభం యుద్ధం జరిగాకే బొబ్బిలి మళ్ళీ అతనికి దక్కింది. ఆ ఖైదులో అతనికి నిద్ర పట్టేదా? మన వీరగాథలకి ఈ ప్రశ్న అక్కర్లేదు.

నాకెందుకు అక్కరొచ్చిందంటే, మా వీధిలో మిలట్రీ బాబాయి ఉండేవాడు. పింఛను మీద ఇంటికొచ్చిన మనిషి. దీపావళి రాత్రి తలుపులేసుకుని కూచుంటే మేం గుంటలం నవ్వుకునేవాళ్ళం. ఒకసారి గట్టు తగాదాలో ఒకణ్ణి చావగొట్టి జైలుకెళ్ళాడు. తిరిగొచ్చాక అడిగాను, "లోపల ఏటి సేసీవోడివి బాబాయ్?"

"రాత్రి తాళం సప్పుడైతే లెగిసి నిలబడిపోయీవోణ్ణిరా. సెంట్రీ డూటీ అనుకునీవోణ్ణి."

అప్పుడు కూడా నవ్వాను. ఆ జబ్బుకో పేరుంటుందని నాకు తెలీదు. అమెరికా వైద్యులు సైతం పీటీఎస్‌డీని తమ అధికారిక జాబితాలో చేర్చింది 1980లో, వియత్నాం నుంచి సైనికులు తిరిగొచ్చాక. అక్కడ 2016 సర్వేలో జైలు ఖైదీల్లో నూటికి సుమారు ఎనిమిదిమంది మాజీ సైనికులని తేలింది. బఫెలో నగరంలో 2008లోనే వాళ్ళకోసం ప్రత్యేక కోర్టు పెట్టారు. శిక్షతో సరిపెట్టకుండా చికిత్సకి పంపి, మళ్ళీ పిలిచి విచారించే కోర్టు అది.

మనకీ 2017 మానసిక ఆరోగ్య చట్టం ఉంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లో మానసిక వైద్య కేంద్రం ఉండాలని దాని 103వ సెక్షన్ అంటుంది. మంచిదే. కానీ గేటు దగ్గర "నువ్వేం చూసొచ్చావు?" అని అడగమని ఆ సెక్షన్‌లో లేదు. అడగకపోతే బాబాయి లాంటివాడు నోరు విప్పడు.

దెబ్బ తిన్నవాడిదీ మా వీధే. అతని కుడిచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. కాబట్టి బాబాయిని వదిలెయ్యాల్సిందని నేననను. కొట్టినందుకు జైలు సరే, ఆ జైల్లో రాత్రుళ్ళు నిలబడిపోయిన మనిషిని ఒక్కరైనా కూచోబెట్టి మాట్లాడించాల్సింది. వీధిలో మేమైనా ఆ పని చెయ్యలేదు. పాపారాయుడి కథ మాత్రం ఏటా విన్నాం.