కంటికందని వెలుగునకు జల్లెడ

1800లో విలియం హెర్షెల్ సూర్యుని పరిశీలించుటకు రంగుటద్దములను ఎన్నుకొనుచు ఒక వింత గమనించెను. కొన్ని అద్దములలో వెలుగు తక్కువైనను వేడి ఎక్కువగా వచ్చుచుండెను. ఆ వేడి జాడ పట్టియే ఆయన ఎరుపునకు ఆవలనున్న పరారుణ కిరణములను కనుగొనెను.

1910లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఆ కిరణములతో తీసిన ఛాయాచిత్రములను ప్రకటించెను. ఛాయాచిత్ర ఫలకమునకు నీలికాంతి మిక్కిలి సులభముగా తగులును; అది కొంచెము జారినను శ్రమ వ్యర్థము. కోబాల్టు గాజు నీలమును, గాఢమైన ఎరుపును పోనిచ్చును. పొటాషియం డైక్రోమేటు ద్రావణము నీలమును ఆపివేయును. ఈ రెండింటిని జతపరచగా వర్ణపటపు ఎరుపు అంచు, దాని ఆవలి కిరణములు మాత్రమే మిగిలినవి. చిత్రములలో పచ్చని ఆకులు మంచువలె తెల్లగను, నీలాకాశము నల్లగను పడినవి.

నేడు 720 నానోమీటర్ల ఫిల్టరు కొనువారు సైతము అది దేనిని ఆపునో మొదట చూడవలెను.