కందెన నుంచి రబ్బరు దాకా

పోయిన వానాకాలం మా కారు ముందు ఎడమ చక్రం దగ్గర ఒక చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఒక టక్కు, దిగితే ఇంకో టక్కు. కూకట్‌పల్లిలో మా మెకానిక్ బండిని పైకి లేపి, కింద ఇనుప కడ్డీ దూర్చి కదిపి చూపించాడు. లోయర్ ఆర్మ్ వెనక బుష్షు చిరిగిపోయింది. పదకొండేళ్ళ బండి, తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. చిరగడంలో వింతేమీ లేదు. నన్ను ఇరుకున పెట్టింది అతనడిగిన ప్రశ్న.

"రబ్బరుదే వేయమంటారా, పాలీ వేయమంటారా సార్? పాలీ అయితే జిందగీలో మళ్ళీ ముట్టుకునే పనుండదు."

పాలీ అంటే పాలీయురెథేన్. ఎర్రగానో పచ్చగానో గట్టిగా మెరుస్తూ ఉంటుంది. రబ్బరుది నల్లగా, అనాకారిగా ఉంటుంది. జీవితాంతం ఉండేదాన్ని వదిలేసి, మళ్ళీ చిరిగిపోయేదాన్ని డబ్బులిచ్చి కొనుక్కోవడం తెలివితక్కువ పనిలా అనిపించింది. అయినా వారం రోజులు ఆగమన్నాను. గుప్పిట్లో పట్టే ముక్కకి వారమా అని అతను నవ్వాడు. నాకు తెలుసుకోవాలనిపించింది వేరే సంగతి. ఇంత ఇనుములో అసలు రబ్బరెందుకు? ఎవరు పెట్టారు, ఏ అవసరం కొద్దీ?

ముందు అది ఉండే చోటు చెప్పాలి. చక్రాన్ని పట్టుకుని ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. అంటే అది బండి శరీరానికి తగిలే చోట కీలుండాలి. ఆ కీలులో ఒక గొట్టం, దాని లోపల చిన్న గొట్టం, రెండింటి మధ్యా రబ్బరు. బుష్షంటే ఇంతే.

కార్లు పుట్టిన తొలినాళ్ళలో ఈ రబ్బరు లేదు. కీలంటే కంచు గొట్టంలో ఉక్కు మేకు. లోహం మీద లోహం రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి మధ్యలో గ్రీజుండాలి. చిన్నప్పుడు శతక పద్యంలో చదువుకున్న ఎడ్లబండి కందెనే ఇది, డబ్బా మాత్రం మారింది. 1920ల నాటి కారుకి గ్రీజు పెట్టాల్సిన చోట్లు ఇరవై ముప్పై ఉండేవి. కమాను కట్టల చివర్లు, స్టీరింగ్ కీళ్ళు, బ్రేకు కడ్డీలు, అన్నిటికీ కొన్ని వందల మైళ్ళకోసారి పెట్టాలి. మరిచిపోతే కీచుమనేవి, తర్వాత అరిగి వదులయ్యేవి. డబ్బున్నవాళ్ళ బాధ తీర్చడానికి కొన్ని రోల్స్ రాయిస్ కార్లలో, పెడల్ తొక్కితే సన్నని గొట్టాల గుండా కీళ్ళన్నిటికీ నూనె చేరే ఏర్పాటు కూడా చేశారు. కీలుకి కందెన తప్పదన్న ఆలోచన అంత గట్టిగా పాతుకుపోయి ఉండేది.

దాన్ని మార్చినవాళ్ళలో లియాన్ తీరీ ఒకడు. 1920ల్లో ఫ్రాన్స్‌లో సైలెంట్‌బ్లాక్ అనే పేరుతో అతని బుష్షు బయటికొచ్చింది. మందంగా ఉన్న రబ్బరు ఉంగరాన్ని రెండు లోహపు గొట్టాల మధ్య బలవంతంగా దూర్చితే అది నలిగి, పొడుగ్గా సాగి, రెండింటినీ గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పుడు లోపలి గొట్టాన్ని తిప్పితే ఏదీ దేని మీదా జారదు. రబ్బరే లోపల్లోపల మెలితిరుగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. జారేది లేదు కాబట్టి రాపిడి లేదు, రాపిడి లేదు కాబట్టి కందెన అక్కర్లేదు. చప్పుడూ లేదు. ఫ్రాన్స్‌లోనూ రష్యాలోనూ మెకానిక్కులు ఈనాటికీ బుష్షుని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ పనికి రబ్బరు పనికిరావడానికి అంతకుముందే ఎనభై ఏళ్ళ కథ నడిచింది. పచ్చి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే రెంటికీ తట్టుకుంటుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1844లో పేటెంటు తెచ్చుకున్నాడు. ఇంగ్లండులో మాత్రం థామస్ హాంకాక్ కొద్ది వారాల ముందే దరఖాస్తు పెట్టేసుకున్నాడు. గుడ్‌ఇయర్ నమూనాలు హాంకాక్ చేతికి అప్పటికే వచ్చి ఉన్నాయి. వాటిని అమెరికా నుంచి ఇంగ్లండుకి మోసుకెళ్ళినవాడు స్టీఫెన్ మౌల్టన్. గుడ్‌ఇయర్ 1860లో అప్పుల్లోనే పోయాడు. మౌల్టన్ 1848లో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊళ్ళో రబ్బరు మిల్లు పెట్టాడు. అతని మునిమనవడు ఆలెక్స్ మౌల్టన్, 1959లో వచ్చిన మినీ కారుకి ఇనుప స్ప్రింగుల బదులు రబ్బరు శంకువులు తయారుచేశాడు. ఒకే ఇంట్లో నాలుగు తరాల రబ్బరు!

ఆ రబ్బరు పాలు తీసినవాళ్ళ వంశవృక్షాలు మాత్రం ఇంత చక్కగా దొరకవు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి సుమారు డెబ్బై వేల రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకి చేర్చాడు. వాటిలో మొలిచిన మొక్కలు సిలోన్‌కీ సింగపూర్‌కీ వెళ్ళాయి. మోటారు కార్లొచ్చాక మలయా అడవులు నరికి రబ్బరు తోటలు వేశారు. అక్కడ పనికి ఎక్కువగా తమిళులు, వాళ్ళతో పాటు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. పాలు బాగా కారేది చల్లటి వేళ కాబట్టి తెల్లవారకముందే లేచి చెట్లకి గాట్లు పెట్టేవాళ్ళు. ఇవాళ మలేసియాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలావాటి మూలాలు ఆ తోటల్లోనూ కొబ్బరి తోటల్లోనూ ఉన్నాయి. కృత్రిమ రబ్బర్లు ఎన్నొచ్చినా, కోట్లసార్లు మెలితిరిగినా తొందరగా చిరగని గుణం వల్ల సస్పెన్షన్ బుష్షుల్లో చెట్టు రబ్బరునే ఇప్పటికీ విరివిగా వాడతారు. చేతిలోకి తీసుకున్నప్పుడు గుర్తుకు రావలసిన సంగతే ఇది. మనం సుఖమనుకునేది ఎవరో చీకట్లో లేచి గీసిన గాటుతో మొదలైంది.

ఆ సుఖాన్ని ఒక శాస్త్రంగా పట్టించుకున్నది 1930ల్లో. 1931లో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్‌ని నేరుగా బిగించకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టింది. నాలుగు సిలిండర్ల ఇంజన్ వణుకు సీటు దాకా రాలేదు. సిట్రోయెన్ ఆ పద్ధతిని లైసెన్సు మీద తీసుకుని, ప్రచారానికి హంస బొమ్మ పెట్టుకుంది. అదే కాలంలో రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కి వెళ్ళిన మారిస్ ఓలీ, పెద్ద కాడిలాక్ కారుకి జరపడానికి వీలయ్యే బరువులు తగిలించి, రకరకాలుగా మార్చి, మనుషుల్ని ఎక్కించి తిప్పాడు. సుఖాన్ని కొలిచే పరికరం లేదు కాబట్టి కూర్చున్నవాళ్ళ మాటే కొలత. ఆ పనిలోంచే 1934 నాటి కార్లకి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ వచ్చింది. చక్రాలు విడిపడేసరికి కీళ్ళు పెరిగాయి. కీళ్ళు పెరిగేసరికి గ్రీజు అక్కర్లేని రబ్బరుకి గిరాకీ పెరుగుతూ వచ్చింది.

ఇక్కడిదాకా రబ్బరు పని శబ్దం ఆపడం, గ్రీజు తప్పించడం. అసలు మలుపు రేడియల్ టైర్లతో వచ్చింది. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకుని, 1949లో అమ్మకానికి పెట్టిన ఈ టైరు ఎక్కువ కాలం మన్నేది, రోడ్డుని బాగా పట్టుకునేది. కానీ దాని నడుముకి ఉక్కు తీగల పట్టీ ఉండటంతో, నెమ్మదిగా పోతున్నప్పుడు రోడ్డు అతుకుల మీద దబ్‌దబ్‌మని కొట్టేది. పాత టైర్ల కోసం గీసిన కార్లకి ఇది పడలేదు. ఇంజనీర్లు కనుక్కున్న ఉపాయం ఏమిటంటే, గుంత తగిలినప్పుడు చక్రాన్ని పైకే కాదు, కాస్త వెనక్కి కూడా పోనివ్వడం. మనం దూకినప్పుడు మోకాలు వంచినట్టు. అలాగని పక్కకి కదలనివ్వకూడదు. కదిలితే స్టీరింగ్ తేలిపోతుంది.

అంటే ఒకే బుష్షు ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండాలి. మా కారులో చిరిగిన బుష్షుని కోసి చూస్తే ఇది కళ్ళకి కనిపించింది. రబ్బరు నిండుగా లేదు, రెండు వైపులా అర్ధచంద్రాకారంలో ఖాళీలున్నాయి. అరిగిపోయి పడ్డ కంతలనుకున్నాను. కాదు, కావాలని వదిలినవి. ఆ ఖాళీల వైపు చెయ్యి కదులుతుంది, నిండుగా ఉన్న వైపు కదలదు. అందుకే కొత్తది ప్రెస్ చేసేటప్పుడు గుర్తులు చూసుకుని అదే దిక్కుకి పెట్టాలి. తొంభై డిగ్రీలు తిప్పి పెడితే బాగున్న బుష్షు కూడా పనికిమాలినదవుతుంది.

మెత్తదనమంటే అదుపు తప్పడమే అని నేనూ అనుకునేవాణ్ణి. 1977లో వచ్చిన పోర్షే 928 దానికి జవాబు. మలుపులో యాక్సిలరేటర్ వదిలినా బ్రేకు నొక్కినా వెనక చక్రాలు బయటికి తిరగడం, బండి గిర్రున తిరగడం ఆనాటి స్పోర్ట్స్ కార్ల జబ్బు. ఈ కారులో బుష్షుల మెత్తదనాన్ని లెక్కగట్టి, అదే బలానికి చక్రం కాస్త లోపలికి తిరిగేలా అమర్చారు. అంటే ఆ కారులో అదుపొచ్చింది మెత్తదనంలోంచే.

మన దగ్గర ఈ మార్పంతా ఒక్కసారిగా జరిగినట్టనిపిస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోంచి పుట్టిన అంబాసిడర్‌ని సర్వీసుకిస్తే ముందు జరిగే పని గ్రీజు కొట్టడం. గన్ను నిపుల్‌కి తగిలించి, పాత నల్లటి గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టేవాళ్ళు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక ఆ పని దాదాపు మాయమైంది. అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ వాటర్ సర్వీసింగ్ అయ్యాక బండి కింద డీజిలో పాత ఆయిలో కొట్టించుకునేవాళ్ళున్నారు. చెట్టు రబ్బరు పెట్రోలియం నూనె తాగి ఉబ్బుతుంది, బలం పోగొట్టుకుంటుంది. పాత కీలుకి ప్రాణం పోసిన కందెన కొత్త కీలుకి విషమైంది. మా బండికీ ఏళ్ళ తరబడి నేను డబ్బులిచ్చి మరీ కొట్టించాను.

ఇక పాలీయురెథేన్. 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బాయర్ బృందం దీని రసాయనం కనిపెట్టింది. గట్టిది, నూనెకి చెక్కుచెదరదు. షోర్ స్కేలు మీద కార్ల రబ్బరు బుష్షులు సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటే, పాలీ బుష్షులు 80 నుంచి 95 మధ్య ఉంటాయి. అయితే మార్కెట్లో దొరికే చాలా పాలీ బుష్షులు లోపలి గొట్టానికి అతికి ఉండవు. చెయ్యి ఆడినప్పుడు మెలితిరగవు, జారతాయి. జారాలంటే రాపిడి ఉండకూడదు. అందుకని డబ్బాతో పాటు చిన్న గొట్టంలో సిలికాన్ గ్రీజు ఇస్తారు. అది ఆరిపోతే కీచుమంటుంది. ఇది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. భవిష్యత్తులా మెరిసే ఆ ముక్కలో ఉన్నది 1920ల కంచు బుష్షు పద్ధతే. జారే కీలు, దానికి కందెన. పైగా నిండుగా పోసిన పాలీకి ఆ అర్ధచంద్రాల ఖాళీలుండవు. వెనక్కి పోవాల్సిన చక్రం పోదు. ఆ దెబ్బ వేరే దారి వెతుక్కుని బాడీలోకి, సీటులోకి వస్తుంది.

రేసుకెళ్ళే బండికి ఇది లోపం కాదు. అక్కడ మిల్లీమీటరు కదలినా తేడా తెలుస్తుంది. పాత మోడళ్ళకి రబ్బరు దొరకనప్పుడూ ఇదే దిక్కు. స్టెబిలైజర్ బార్ బుష్షుల్లో వేసుకుంటే రోజువారీ బండికి కూడా పెద్దగా బాధుండదు. లోయర్ ఆర్మ్ వెనక బుష్షు సంగతి వేరు, సుఖం కాపలా కాసే చోటు అది.

అయినా పుస్తకం మాట మీద తేల్చుకోవడం ఇష్టంలేక, నాలుగు మూలలా పాలీ వేయించుకున్న స్నేహితుడి కారు ఒకరోజు అడిగి తీసుకున్నాను. అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళే రోజది. రెండేళ్ళ కింద ఆమెకి వెన్ను ఆపరేషనైంది. ముందు సీటు కాస్త వాల్చుకుని కూర్చుంటుంది. బండి మలుపుల్లో ముచ్చటగా ఉంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటోంది. మెట్రో స్తంభాల పక్కన అతుకులేసిన రోడ్డు మీదికి రాగానే ఆమె చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు. దిగాక, "బండి మంచిదేరా, దీనికి కనికరం లేదంతే" అంది. మారిస్ ఓలీ దగ్గర ఉన్న కొలత కూడా ఇదేగా అనుకున్నాను.

రాణీగంజ్ వెళ్ళి కంపెనీ రబ్బరు బుష్షులే తెచ్చాను, రెండు వైపులకీ. ఒక్క వైపే మారిస్తే రెండు చక్రాలూ రెండు రకాలుగా నడుస్తాయి. మా మెకానిక్ ప్రెస్ చేసి, ఆర్మ్ ఎక్కించి, బండి ఇంకా గాల్లో ఉండగానే బోల్టు బిగించబోయాడు. ఆగమన్నాను. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే అతుక్కుపోతుంది. బండి నేల మీదికొచ్చాక, నిలబడి ఉన్నప్పుడు కూడా మెలితిరిగే ఉండి ఏడాదికే చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. అతను ఒక్క క్షణం ఆలోచించి, "హా, అప్పుడే దానికి ఆరామ్" అని బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, కిందికి దూరి బిగించాడు. తర్వాత అలైన్‌మెంట్ చూపించాను.

కింద ఆయిల్ కొట్టించడం మానేశాను. డాష్‌బోర్డ్ అరలో ఉన్న చిన్న పుస్తకంలో ఆ రోజు కిలోమీటర్లు రాసిపెట్టుకున్నాను. ఇంకో ఏడెనిమిదేళ్ళకో, రోడ్లు ఇలాగే ఉంటే అంతకంటే ముందో, ఇవి కూడా చిరుగుతాయి. అప్పుడు మళ్ళీ రబ్బరువే వేయిస్తాను.